జెఫన్యా: ఉగ్రత దినానికి ముందు వినిపించిన పిలుపు

జెఫన్యా క్రీ.పూ. 7వ శతాబ్దంలో యూదా రాజ్యంలో దైవవాక్కు ప్రకటించిన హెబ్రీ ప్రవక్త. ఆయన పేరు మీద ఉన్న గ్రంథం పన్నెండుమంది చిన్న ప్రవక్తల వరుసలో తొమ్మిదవది. హబక్కూకు తరువాత, హగ్గయికి ముందు వస్తుంది. మూడే అధ్యాయాలు, 53 వచనాలు. యెషయా, యిర్మీయా గ్రంథాలతో పోలిస్తే చాలా చిన్నది కావడంతో పాఠకులు దీన్ని దాటిపోవడమే ఎక్కువ. అది పాఠకులకే నష్టం. రాబోయే వినాశనాన్ని ఏ మాత్రం మెత్తబరచకుండా చెప్పి, ఆ వెంటనే ఇంకా గడువుంది, దేవుణ్ని వెదకండని ఇంత సూటిగా పిలిచిన గ్రంథాలు బైబిలులో అరుదు.

ఆ పిలుపు రెండో అధ్యాయం మొదటి మూడు వచనాల్లో ఉంది. దాని సారం ఇది: తీర్పు ఇంకా అమలుకాలేదు, కానీ రోజులు గాలికి పొట్టు ఎగిరినట్టు గడిచిపోతున్నాయి. ఉగ్రత దిగివచ్చేలోగా జనమంతా ఒకచోట చేరాలి. దేశంలోని దీనులు యెహోవాను వెదకాలి, నీతిని వెదకాలి, వినయాన్ని వెదకాలి. అలా చేస్తే ఆ రోజున వారికి మరుగు దొరకవచ్చు. దొరికి తీరుతుందని మాత్రం ప్రవక్త మాట ఇవ్వడు. గ్రంథంలో తక్కినదంతా ఈ పిలుపుకు ముందూ వెనకా నిలబడి దాని బరువు చెబుతుంది.

వంశం, కాలం

మొదటి వచనం ప్రవక్త వంశాన్ని నాలుగు తరాల వెనక్కి చెబుతుంది: తండ్రి కూషీ, తాత గెదల్యా, ముత్తాత అమర్యా, ఆపైన హిజ్కియా. ప్రవక్తల గ్రంథాల్లో తండ్రి పేరు చెప్పి సరిపెట్టడమే ఆనవాయితీ, కొన్నిట అదీ ఉండదు. ఇక్కడ వరుస ఇంత పొడుగు సాగడం చూసి, చివరి పేరు క్రీ.పూ. 8వ శతాబ్దం చివర యూదాను ఏలిన హిజ్కియా రాజుదే అయి ఉంటుందని చాలామంది పండితులు భావించారు. అలాగైతే జెఫన్యా రాజవంశీకుడు. కానీ వచనంలో ఆయన రాజని చెప్పలేదు కాబట్టి దీన్ని బలమైన ఊహగానే తీసుకోవాలి. కూషు అంటే ఈజిప్టుకు దక్షిణాన, నైలు ఎగువ ప్రాంతంలో ఉన్న నూబియా దేశం. తండ్రి పేరు కూషీ కాబట్టి ప్రవక్తకు ఆఫ్రికా మూలాలు ఉన్నాయన్న వాదమూ ఉంది. జెఫన్యా అన్న పేరుకు యెహోవా దాచాడు అని అర్థం.

ఆయన యోషీయా రాజు కాలంవాడని అదే వచనం చెబుతోంది. యోషీయా క్రీ.పూ. 640 నుంచి 609 వరకు పాలించాడు. అంతకుముందు పరిస్థితి తెలిస్తేనే జెఫన్యా కోపం అర్థమవుతుంది. యోషీయా తాత మనష్షే 55 ఏళ్లు రాజ్యమేలాడు. అతడు అష్షూరు సామ్రాజ్యానికి సామంతుడు. కప్పం కట్టే రాజుల జాబితాల్లో ఏసర్హద్దోను, అషూర్బనిపాల్ ఇద్దరూ అతని పేరు చెక్కించారు. రాజకీయంగా తలవంచిన దేశంలోకి ఏలినవారి వేషం, వాళ్ల దేవతలు, వాళ్ల నక్షత్ర పూజలు కూడా వచ్చాయి. రాజుల రెండవ గ్రంథం మనష్షే మీద మోపిన నేరాల్లో దేవాలయ ఆవరణల్లోనే ఆకాశ సైన్యానికి బలిపీఠాలు కట్టించడం ఒకటి, నిరపరాధుల నెత్తురు పారించడం మరొకటి. అతని కొడుకు ఆమోను రెండేళ్లు పాలించి, సొంత సేవకుల చేతిలోనే రాజభవనంలో హతుడయ్యాడు. అప్పుడు ఎనిమిదేళ్ల యోషీయాను సింహాసనం మీద కూర్చోబెట్టారు.

క్రీ.పూ. 622లో, యోషీయా పాలన పద్దెనిమిదో ఏట, దేవాలయ మరమ్మతుల సమయంలో ప్రధాన యాజకుడు హిల్కీయాకు ఒక ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. లేఖికుడు షాఫాను దాన్ని రాజుకు చదివి వినిపించాడు. రాజు బట్టలు చించుకుని, దేవుని ఉద్దేశం తెలుసుకోవడానికి హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరికి మనుషులను పంపాడు. ఆ తరువాతే దేశమంతటా విగ్రహాల తొలగింపు పెద్దయెత్తున జరిగింది. జెఫన్యా ప్రవచనాలు దీనికి ముందువా, తరువాతివా అన్నది పండితుల మధ్య పాత చర్చ. బయలు దేవత పూజలో మిగిలిన ఆనవాళ్ల ప్రస్తావన ఉంది కాబట్టి సంస్కరణ మొదలైన తరువాతే అని కొందరంటారు. కానీ ముందువనే వాదానికే బలం ఎక్కువ. మేడల మీద నక్షత్ర పూజ, యెహోవా పేరిట ఒట్టు వేస్తూనే అమ్మోనీయుల దేవత మిల్కోము పేరిటా ఒట్టు వేయడం, పరదేశపు దుస్తులు, ఇవన్నీ ఆయన కళ్లెదుట బాహాటంగా సాగుతున్నాయి. పైగా ఆయన అధికారులను, రాజకుమారులను తిట్టాడు గాని రాజును ఒక్క మాట అనలేదు. రాజు ఇంకా బాలుడు, పెత్తనం పెద్దలది అనుకుంటే ఈ మౌనం సహజంగా అతుకుతుంది.

దీపాలు పట్టుకుని సోదా

మొదటి అధ్యాయం ఎత్తుగడే గుండె జారేలా ఉంటుంది. భూమి మీద ఉన్న సమస్తాన్నీ ఊడ్చివేస్తానని దేవుడు ప్రకటిస్తాడు: మనుషులు, పశువులు, పక్షులు, చేపలు. ఆదికాండంలో సృష్టి జరిగిన క్రమం గుర్తున్నవారికి ఈ వరుస తలకిందులుగా ఉందని తెలుస్తుంది. అక్కడ మొదట జలచరాలు, పక్షులు, ఆపైన పశువులు, చివరికి మనిషి. ఇక్కడ మనిషితో మొదలై చేపలతో ముగుస్తుంది. జరగబోయేది సృష్టిని వెనక్కి తిప్పడమని ప్రవక్త ఆ వరుసతోనే చెప్పాడు.

తరువాత చూపు యెరూషలేము మీదికి తిరుగుతుంది. దేవుడు బలి సిద్ధం చేశాడు, అతిథులను పిలిచాడు, వారిని శుద్ధి చేశాడు అంటాడు ప్రవక్త. పండుగ భోజనానికి అలవాటుపడిన శ్రోతలు అతిథులం మనమే అనుకుని ఉంటారు. ఒకటి రెండు వాక్యాలు దాటేసరికి బలిపశువు తామేనని తెలిసివస్తుంది.

ఈ అధ్యాయంలో నగరం పేట పేటగా కనిపిస్తుంది. చేపల గుమ్మం దగ్గర కేకలు, మిష్నే అనే కొత్తపేటలో రోదన, కొండల నుంచి కూలుతున్న చప్పుడు, మక్తేషు అనే పల్లపు బజారులో వర్తకుల ఏడుపు. శత్రువు సాధారణంగా ఉత్తరం నుంచే వచ్చేవాడు. చేపల గుమ్మం కూడా నగరానికి ఉత్తర దిక్కునే ఉండేది. కొత్తపేట పడమటి గుట్ట మీద వెలసిన భాగమని పండితులు గుర్తిస్తారు. హుల్దా ప్రవక్త్రి నివాసం ఆ పేటలోనే. దానిచుట్టూ కట్టిన, సుమారు ఏడు మీటర్ల మందం గల గోడను 1970ల్లో నహ్మాన్ అవిగాద్ తవ్వకాల్లో బయటపెట్టాడు. అది హిజ్కియా రాజు కట్టించినదని చాలామంది అభిప్రాయం. ఇక వర్తకుల విషయం. యూదాలో అప్పటికి నాణేలు వాడుకలో లేవు. వెండి ముక్కలను చిన్న త్రాసుల్లో, గుండ్రని తలతో నున్నగా చెక్కిన సున్నపురాతి తూనికరాళ్లతో తూచి ఇచ్చి పుచ్చుకునేవారు. ఒక షెకెలు రాయి బరువు 11 గ్రాములకు కాస్త పైన. అలాంటి రాళ్లు యెరూషలేములోను, యూదా ఊళ్లలోను కుప్పలుగా దొరికాయి. జెఫన్యా వెండి తూచే వాళ్లందరూ పోతారన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఈ బజారే.

ఆపై ఈ గ్రంథంలోకెల్లా ప్రసిద్ధమైన దృశ్యం వస్తుంది. దేవుడు దీపాలు పట్టుకుని యెరూషలేములో ఇల్లిల్లూ సోదా చేస్తాడు. దొరకాల్సింది దొంగలు కాదు, హంతకులు కాదు, కుదురుగా స్థిరపడినవాళ్లు. కదిలించక వదిలేసిన ద్రాక్షారసం అడుగు మడ్డి మీద పేరుకుని చిక్కబడినట్టు వాళ్ల మనసులు మొద్దుబారాయి. దేవుడు మేలూ చేయడు, కీడూ చేయడు, ఆయన పట్టించుకోడు అన్నది వాళ్ల లోపలి నమ్మకం. వీళ్లు నాస్తికులు కారు. గుడికి వెళతారు, పండుగలు చేస్తారు. కానీ ఇల్లు కట్టేటప్పుడు, పొలం కొనేటప్పుడు, పక్కవాడి హక్కు కాజేసేటప్పుడు దేవుడనేవాడు లెక్కలో ఉండడు. జెఫన్యా దృష్టిలో విగ్రహారాధన కన్నా ప్రమాదకరమైంది ఈ నిశ్చింత.

అధ్యాయం చివర యెహోవా దినం వర్ణన. చీకటి, మబ్బు, బాకానాదం, కోటల మీద యుద్ధఘోష. ఆ రోజున వెండి గాని బంగారం గాని ఎవరినీ తప్పించలేవని హెచ్చరిక. దీని వెనక ఒక చేదు చరిత్ర ఉంది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చినప్పుడు హిజ్కియా రాజు 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం చెల్లించాడని రాజుల గ్రంథం చెబుతుంది. అందుకోసం దేవాలయం తలుపులకున్న బంగారమూ ఊడదీశారు. ఆపదను డబ్బుతో దాటవచ్చునన్న నమ్మకం యెరూషలేములో అలా పాతుకుపోయింది. జెఫన్యా నిజంగా ఆ రాజు వంశంవాడే అయితే, సొంత ఇంటి అనుభవాన్నే కాదంటున్నాడన్నమాట.

పిలుపు ఎవరికి, దేనికి

ఇంత చీకటి తరువాత రెండో అధ్యాయం పిలుపుతో మొదలవుతుంది. మొదట సిగ్గెరుగని జనమని మొత్తం జాతిని కేకేస్తాడు. ఆ తరువాత స్వరం మారుతుంది. పిలుపు దేశంలోని దీనుల వైపు, దేవుని కట్టడ ప్రకారం నడుచుకునే వారి వైపు మళ్లుతుంది. రాజకుమారులు లేరు, అధికారులు లేరు, యాజకులు లేరు. సోదాలో పట్టుబడ్డ స్థితిమంతులు లేరు. వారి మీద ఆయన ఆశ వదులుకున్నట్టే కనిపిస్తుంది.

ఇక్కడే ఒక ప్రశ్న. ఇప్పటికే న్యాయంగా నడుచుకుంటున్న వారిని నీతిని వెదకమనడం దేనికి? తప్పుచేసినవాడిని మారమంటే అర్థముంది. జెఫన్యా చేసింది దానికి భిన్నం. నీతిమంతులమన్న ధైర్యంతో కూర్చున్నవారికి కూడా మినహాయింపు లేదు, వెదకడం ఒకసారి చేసి ముగించే పని కాదు అన్నది ఆయన ఉద్దేశం. మంచివాళ్లు తమ మంచితనం మీదే స్థిరపడిపోతే వాళ్లూ ఆ మడ్డి మీది ద్రాక్షారసమే అవుతారు. ఈ గ్రంథంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే సంగతి ఇది.

దేవుణ్ని వెదకడమంటే ఆ కాలపు జనానికి స్పష్టమైన పని: పుణ్యస్థలానికి వెళ్లి మొక్కడం, ఆపదలో ప్రవక్తను ఆశ్రయించి దేవుని చిత్తం అడగడం. యోషీయా హుల్దా దగ్గరికి మనుషులను పంపింది అందుకే. మొదటి అధ్యాయంలో జెఫన్యా యెహోవా దగ్గర విచారించని వాళ్ల మీద నేరం మోపాడు కూడా. అయినా పిలుపులో ఆయన దేవాలయం ఊసెత్తలేదు, బలి అడగలేదు, ఉపవాసం ప్రకటించలేదు. యెహోవాను వెదకమని, దాని పక్కనే నీతిని, వినయాన్ని పెట్టాడు. తూనికల్లో మోసం లేకపోవడం, తీర్పులో పక్షపాతం లేకపోవడం, తలెగరేయకపోవడం, ఇవి లేనిచోట దేవుణ్ని వెదికామనడం మాటవరసకే.

ఇక ఆ హామీ లేకపోవడం గురించి. ఇంత చేసినా మరుగు దొరకవచ్చు అని మాత్రమే ప్రవక్త అంటాడు. ఇది చదివినవారిని శతాబ్దాలుగా కలవరపెట్టింది. బబులోను తల్మూదులో, హగీగా భాగంలో, రబ్బీ అమ్మీ ఈ వచనం దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేవాడని ఉంది. ఇంత చేసినా చివరికి ఒకవేళ మాత్రమేనా అన్నది ఆయన దుఃఖం. ఆ కన్నీటిని తేలిగ్గా తుడిచేయకూడదు. అయితే హామీ ఇవ్వకపోవడంలోనే ప్రవక్త నిజాయితీ ఉంది. ఖాయమైన ఫలం చూపించి ఉంటే ఆ వెదకడం కూడా సన్హెరీబుకు చెల్లించిన వెండి లాంటిదే అయ్యేది. పైగా యుద్ధం వచ్చిన దేశంలో నీతిమంతులు కూడా చనిపోతారని ఆయనకు తెలుసు. తెలిసీ, అయినా వెదకండి అన్నాడు.

గడువు సంగతి కూడా గమనించాలి. రెండో వచనం ముందుగా, ఇంకా ముందుగా, అంతకన్నా ముందుగా అన్నట్టు ఒకే హెచ్చరికను మూడుసార్లు తిప్పి చెబుతుంది. తీర్పు ఖాయమని నమ్మినవాడు ఇలా తొందరపెట్టడు. మిగిలిన సమయాన్ని వాడుకోవచ్చునని నమ్మినవాడే తొందరపెడతాడు.

మిగతా ప్రవక్తలతో పొంతన

ఈ పిలుపు జెఫన్యాతో పుట్టలేదు. ఆయనకు సుమారు 130 ఏళ్ల ముందు ఆమోసు ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలులో ఇదే కేక వేశాడు. ఆమోసు యూదాలోని తెకోవ ఊరివాడు, గొర్రెలు కాచేవాడు, మేడిపండ్లు సేకరించేవాడు. రెండవ యరొబాము కాలంలో షోమ్రోను నగరం ధనంతో తులతూగుతోంది. అక్కడి శ్రీమంతుల దంతపు మంచాలను ఆమోసు తిట్టిపోశాడు. 20వ శతాబ్దపు తవ్వకాల్లో షోమ్రోను రాజప్రాసాదం దగ్గర చెక్కిన దంతపు పలకలు వందల కొద్దీ దొరికాయి. దేవుణ్ని వెదికి బ్రతకండి, కానీ బేతేలు, గిల్గాలు, బెయేర్షెబా క్షేత్రాలకు పరుగెత్తకండి అన్నాడు ఆమోసు. మేలును వెదకండి, గుమ్మాల దగ్గర న్యాయం నిలబెట్టండి, అప్పుడు దేవుడు కనికరించవచ్చు అన్నాడు. జెఫన్యా పిలుపులోని మూడు ముక్కలూ, ఆ అనిశ్చయంతో సహా, ఇక్కడే ఉన్నాయి. ఆమోసు మాట ఆ రాజ్యం వినలేదు. క్రీ.పూ. 722 ప్రాంతంలో షోమ్రోను అష్షూరు వశమైంది.

హోషేయ కూడా వెదకాల్సిన వేళ ఇదేనన్నాడు. యోవేలు ఉపవాసం, బాకానాదం, యాజకుల విలాపం చేర్చి పిలిచాడు, అందువల్ల అది జెఫన్యా పిలుపుకన్నా ఆలయానికి దగ్గరగా ఉంటుంది. యోనా కథలో అష్షూరు నగరమైన నీనెవె రాజు బూడిదలో కూర్చుని, దేవుడు మనసు మార్చుకుంటాడేమో ఎవరికి తెలుసు అన్న ఆశతో ఊరంతటినీ ఉపవాసం ఉంచాడు, నగరం బ్రతికింది. యూనుస్ (యోనా) ప్రవక్త జాతి విశ్వసించి శిక్ష తప్పించుకుందని ఖురాన్ కూడా చెబుతుంది. జెఫన్యా పుస్తకంలో మాత్రం అదే నీనెవెకు క్షమాపణ లేదు.

చుట్టుపక్కల దేశాలు, మళ్లీ యెరూషలేము

పిలుపు ముగిసీ ముగియగానే నాలుగు దిక్కులా తీర్పులు. పడమట ఫిలిష్తీయుల నగరాలు గాజా, అష్కెలోను, అష్డోదు, ఎక్రోను. తూర్పున మోయాబు, అమ్మోను. దక్షిణాన కూషు. ఉత్తరాన అష్షూరు. నేనే, నాకు సాటి ఇంకెవరూ లేరని విర్రవీగిన నీనెవె మందలు పడుకునే బీడవుతుందని, స్తంభాల తలల మీద అడవి పక్షులు కాపురముంటాయని ప్రవచనం.

మూడో అధ్యాయంలో ప్రవక్త వేలు మళ్లీ సొంత ఊరి వైపే తిరుగుతుంది. అధికారులు గర్జించే సింహాలు, న్యాయాధిపతులు ఉదయానికి ఎముక కూడా మిగల్చని తోడేళ్లు, ప్రవక్తలు మాట నిలకడ లేనివాళ్లు, యాజకులు పవిత్రమైనదాన్ని మైలపరిచేవాళ్లు. అలాంటి నగరంలో దేవుడు మాత్రం తెల్లవారగానే తప్పకుండా న్యాయం వెలికి తెస్తాడు.

అక్కడి నుంచి గ్రంథం ఊహించని మలుపు తిరుగుతుంది. అన్ని జాతుల వారి పెదవులూ శుద్ధి అవుతాయి, కూషు నదుల అవతలి నుంచి కూడా ఆరాధకులు వస్తారు. గర్వించేవాళ్లు తొలగిపోయాక నగరంలో మిగిలేది దీనులైన ఒక చిన్న శేషం. అబద్ధమాడని, ఎవరికీ భయపడక పడుకునే జనం. రెండో అధ్యాయంలో పిలుపు అందుకున్నవారే ఇక్కడ మిగిలినవారు. చివరికి దేవుడే తన ప్రజలను చూసి సంబరపడి పాడతాడు. మొదటి అధ్యాయంలో దీపం పట్టుకుని వెదికిన దేవుడు, మూడో అధ్యాయంలో పాడే దేవుడు ఒక్కరే అన్నది ఈ గ్రంథం నిలబెట్టిన సాక్ష్యం. చివరి కొన్ని వచనాలు బబులోను చెర కాలంలో చేర్చినవని పలువురు విమర్శకుల అభిప్రాయం. చెదిరినవారిని తిరిగి రప్పించే మాటలు ఉన్నందున ఆ అభిప్రాయంలో పస ఉంది.

వచ్చిన వినాశనం

జెఫన్యా ఏ శత్రువునూ పేరుపెట్టి చెప్పలేదు. హెరొడోటస్ రాతలను పట్టుకుని సిథియను గుర్రపు దండులే ఆయన మనసులో ఉన్నాయని ఒకప్పుడు అనేవారు, ఇప్పుడు ఆ వాదానికి అంత ఆదరణ లేదు. జరిగినదేమంటే, క్రీ.పూ. 612లో బబులోను, మాదీయ సేనలు కలిసి నీనెవెను నేలమట్టం చేశాయి. క్రీ.పూ. 401లో గ్రీకు సేనతో ఆ దారిన నడిచిన క్సెనొఫోన్ ఆ మహా ప్రాకారాలను చూశాడు గాని, అది నీనెవె అని గుర్తించలేదు. మాదీయులు ఒకప్పుడు నివసించిన మెస్పిలా అనే ఊరని రాశాడు. నేటి ఇరాక్‌లో మోసుల్ నగరానికి ఎదురుగా, టైగ్రిస్ నది అవతలి ఒడ్డున ఆ దిబ్బలున్నాయి.

క్రీ.పూ. 609లో యోషీయా మెగిద్దో దగ్గర ఈజిప్టు రాజు నెకో చేతిలో మరణించాడు. దాంతో సంస్కరణ ఆగిపోయింది. 604లో బబులోను రాజు నెబుకద్నెజరు అష్కెలోనును పడగొట్టాడు, బబులోను రాజవృత్తాంతపు పలకల్లో ఆ సంగతి ఉంది. ఎక్రోను శిథిలాలు తెల్ మిక్నే అన్న చోట 1981 నుంచి 1996 వరకు జరిగిన తవ్వకాల్లో బయటపడ్డాయి. వందకు పైగా ఒలీవ నూనె గానుగలు దొరికిన ఆ పట్టణం 7వ శతాబ్దం చివర కాలి కూలిపోయింది.

యెరూషలేము 597లో మొదటిసారి లొంగిపోయింది, 586లో తగలబడింది. దావీదు పురం అనే పాత భాగంలో యిగాల్ షిలో జరిపిన తవ్వకాల్లో కాలిపోయిన ఇళ్లు, వాటి నడుమ బాణపు మొనలు దొరికాయి. 1982లో ఒక ఇంటి నేల మీద 51 మట్టి ముద్రలు బయటపడ్డాయి. పపైరసు దస్తావేజులను దారంతో కట్టి, ముడి మీద తడి మట్టి అద్ది, ముద్ర గుచ్చేవారు. దస్తావేజులు మంటల్లో బూడిదయ్యాయి, మట్టి మాత్రం అదే మంటలో కాలి గట్టిపడి నిలిచింది. వాటిలో ఒకదాని మీద షాఫాను కుమారుడు గెమర్యా అన్న పేరుంది. యోషీయాకు ధర్మశాస్త్రం చదివి వినిపించిన షాఫానుకు ఆ పేరు గల కొడుకున్నాడని, యిర్మీయా ప్రవచనాల చుట్టను లేఖికుడు బారూకు చదివింది అతని గదిలోనేనని యిర్మీయా గ్రంథంలో ఉంది. ముద్ర అతనిదేనని చాలామంది పండితులు అంగీకరిస్తారు. జెఫన్యా పిలుపు విని ఉండగల కుటుంబపు ఆనవాలు ఒకటి ఆ వినాశనపు నిప్పుల్లోనే మనదాకా వచ్చింది.

తరువాతి తరాల చేతుల్లో

మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో జెఫన్యా మీద రాసిన వ్యాఖ్యాన శకలాలు దొరికాయి. ముర్రబ్బాత్ లోయలో దొరికిన హెబ్రీ చుట్టలోనూ, నహల్ హెవెర్ గుహలో దొరికిన గ్రీకు చుట్టలోనూ ఈ గ్రంథం భాగాలున్నాయి. లాటిను బైబిలు అనువాదకుడు జెరోము 4వ శతాబ్దం చివర జెఫన్యా వ్యాఖ్యానాన్ని పౌలా, ఎవుస్తోకియుం అనే ఇద్దరు స్త్రీలకు అంకితమిచ్చాడు. ఆడవాళ్లకు రాస్తున్నాడని వెక్కిరించినవారికి ముందుమాటలోనే హుల్దాను సాక్ష్యంగా చూపి జవాబు చెప్పాడు.

మధ్యయుగపు ఐరోపాకు జెఫన్యా అంటే ఉగ్రత దినమే. మొదటి అధ్యాయం లాటిను అనువాదం ఆధారంగా 13వ శతాబ్దంలో డియెస్ ఈరే (ఉగ్రత దినం) అనే శోకగీతం పుట్టింది. చెలానో తోమాసు రాశాడని సంప్రదాయం. శతాబ్దాల పాటు కతోలిక అంత్యక్రియల పూజలో పాడారు. మోజార్ట్ 1791లో, వెర్డి 1874లో తమ రెక్వియంలలో దానికి కట్టిన స్వరాలు ఇప్పటికీ సభలను వణికిస్తాయి. రెండవ వాటికన్ మహాసభ తరువాత జరిగిన ఆరాధనా సంస్కరణలో, భయంకన్నా నిరీక్షణకు చోటు ఉండాలని దాన్ని అంత్యక్రియల పూజ నుంచి తీసేశారు. శిల్పంలో జెఫన్యా గుర్తు లాంతరు. ఫ్రాన్సులో 1220లో మొదలైన ఆమియే ప్రధానాలయం పడమటి ముఖద్వారం దగ్గర, యెరూషలేమును దీపంతో సోదా చేసే దేవుణ్ని రాతిలో చెక్కారు. డిసెంబరు 3న తూర్పు, పడమటి సంఘాలు రెండూ ఆయనను స్మరిస్తాయి.

పిలుపు వైపు మాత్రం చూపు ఆలస్యంగా మళ్లింది. ఫ్రెంచి పండితుడు అల్బెర్ జెలాన్ 1953లో యెహోవా బీదల గురించి రాసిన పుస్తకంలో, దీనత్వాన్ని దారిద్ర్యం నుంచి భక్తి మార్గంగా మలచిన మలుపును జెఫన్యా దగ్గర గుర్తించాడు. కతోలిక పఠనాల పట్టికలో సామాన్య కాలపు నాలుగో ఆదివారం, మూడేళ్ల చక్రంలో మొదటి ఏట, జెఫన్యా పిలుపును యేసు కొండమీది ధన్యవచనాలతో జతచేసి చదువుతారు. ఇది చక్కని జత. దీనులు ధన్యులన్న మాటకు వేరు ఇక్కడుంది.

తెలుగు సంఘాల్లో ఈ గ్రంథం నుంచి ఎక్కువగా వినిపించేది దేవుడు పాడే మూడో అధ్యాయం పదిహేడో వచనం. కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుల మీదికీ ఇదే ఎక్కుతుంది. ఉపవాస ప్రార్థనల్లో రెండో అధ్యాయం ప్రసంగాంశం కావడమూ కద్దు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవారే. దొరలను, అధికారులను పక్కనబెట్టి దేశంలోని దీనులను ముందుగా పిలిచిన ఈ ప్రవక్తను వారి కళ్లతో చదివే పని ఇంకా ఎంతో జరగాల్సి ఉంది. వాగ్దానం కోసం మూడో అధ్యాయాన్ని, భయపెట్టడం కోసం మొదటి అధ్యాయాన్ని విడదీసి వాడుకున్నంతకాలం మధ్యలోని పిలుపు ఎవరి చెవికీ ఎక్కదు. 53 వచనాలూ ఒకే కూర్పులో పైకి చదవండి. పావుగంటకు మించి పట్టదు.